కోడ్ అందరిదీ, పట్టా ఎవరి పేరున?

నర్సంపేట చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదివి ఇవాళ హైదరాబాద్‌లోనో, వరంగల్ మడికొండలోనో, లేదా ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకునో పనిచేస్తున్న మనవాళ్లు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో సగానికి పైగా ఓపెన్ సోర్సే. లినక్స్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, రెడిస్, డాకర్, జావా లైబ్రరీలు. డబ్బు కట్టలేదు కాబట్టి దీనికి యజమాని లేడనుకుంటాం. చాలావాటికి ఉన్నాడు. ఆయన మనసు మార్చుకున్న రోజు రాత్రి పదకొండింటికి కాల్‌లో కూర్చోవాల్సింది మాత్రం మనమే.

కంపెనీలు ఓపెన్ సోర్స్‌లోకి రావడం మంచిదా కాదా అనే వాదన ఉద్యోగికి కూడు పెట్టదు. లినక్స్ కెర్నల్‌లో చేరే కోడ్‌లో అత్యధిక భాగం కంపెనీల జీతం మీద ఉన్నవాళ్లు రాసిందే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ టూల్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. రిమోట్ లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి దాన్ని బయటపెట్టిన ఆండ్రెస్ ఫ్రూండ్ అప్పుడు మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. కాబట్టి కంపెనీ అనగానే శత్రువని అనుకోనక్కర్లేదు. మీరు తెలుసుకోవాల్సిందల్లా ఆ ప్రాజెక్టులో ఆఖరి మాట ఎవరిదని. అది తెలుసుకోకుండా మీ పనినీ, మీ రెజ్యూమెనూ, మీ రాత్రి నిద్రనూ దాని మీద పెట్టకండి.

ముందు అప్‌గ్రేడ్ చేసినవాళ్లకే దెబ్బ

సెంటాస్ కథ చాలామందికి తెలుసు, కానీ అందులో అసలు నష్టపోయిందెవరో గమనించినవాళ్లు తక్కువ. రెడ్ హ్యాట్ అమ్మే లినక్స్‌నే ఉచితంగా కట్టి ఇచ్చే కమ్యూనిటీ ప్రాజెక్టు అది. 2014లో రెడ్ హ్యాట్ దాన్ని తన పంచన చేర్చుకుంది. ముఖ్యమైన డెవలపర్లకు ఉద్యోగాలిచ్చింది, పేరు మీద హక్కూ తీసుకుంది. అప్పట్లో అందరూ సంతోషించారు. 2019లో ఐబీఎం 34 బిలియన్ డాలర్లకు రెడ్ హ్యాట్‌ను కొన్నది. 2020 డిసెంబర్ 8న ప్రకటన వచ్చింది: 2029 దాకా నడుస్తుందనుకున్న సెంటాస్ 8 సపోర్టు 2021 డిసెంబర్ ఆఖరుకు ముగుస్తుంది.

పాత సెంటాస్ 7 మీదే బద్ధకంగా కూర్చున్నవాళ్లకు 2024 జూన్ 30 వరకు గడువు మిగిలింది. శ్రద్ధగా, బుద్ధిగా కొత్త వెర్షన్‌కు మారినవాళ్లకు ఏడాదికి కాస్త పైనే మిగిలింది. అప్పుడు ఎంత మంది సర్వర్ అడ్మిన్లు సంక్రాంతి సెలవులు మానుకుని మైగ్రేషన్ ప్లాన్లు రాశారో మన ఫీల్డులో ఉన్నవాళ్లను అడగండి. 2021 మార్చిలో ఆల్మా లినక్స్, జూన్‌లో రాకీ లినక్స్ వచ్చి చాలామందిని గట్టెక్కించాయి. అంటే కోడ్ ఎక్కడికీ పోలేదు. పోయింది మాట మీద నమ్మకం. సపోర్టు తేదీ వెబ్‌సైట్‌లో రాసి ఉన్నంత మాత్రాన అది మీతో చేసుకున్న ఒప్పందం కాదు. డబ్బు కట్టి రాయించుకున్న సపోర్టు ఒక్కటే ఒప్పందం. మీ క్లయింటుకు ఐదేళ్ల ప్లాన్ రాసేటప్పుడు ఈ తేడా ఒక లైన్‌లో రాసి పెట్టండి. తర్వాత నింద మీ మీదకు రాదు.

పట్టా కాగితం చూడటం ఎలా

మన దగ్గర కౌలుకు చేసే రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మిర్చి ఎంత బాగా పండించినా పాస్‌బుక్ ఎవరి పేరున ఉందో వాళ్లదే భూమి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో పాస్‌బుక్ లాంటి కాగితం సీఎల్ఏ, అంటే కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్. మీరు మొదటి పుల్ రిక్వెస్ట్ పంపగానే ఒక బాట్ వచ్చి 'ఇక్కడ సంతకం చేయండి' అంటుంది. చదవకుండా క్లిక్ చేసేస్తాం. మీరు రాసిన కోడ్‌ను భవిష్యత్తులో ఏ లైసెన్స్ కింద అయినా ఇచ్చుకునే హక్కును అందులో కంపెనీకి రాసిచ్చేసి ఉండొచ్చు.

2023 ఆగస్టు 10న హాషికార్ప్ అనే కంపెనీ చేసింది అదే. ఏళ్ల తరబడి బయటివాళ్లు కూడా చేయి వేసి పెంచిన టెర్రాఫామ్ అనే టూల్‌ను మొజిల్లా లైసెన్స్ నుంచి బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కు మార్చింది. సీఎల్ఏ చేతిలో ఉంది కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. సెప్టెంబర్‌లోనే లినక్స్ ఫౌండేషన్ నీడలో ఓపెన్‌టోఫూ అనే ఫోర్క్ మొదలైంది, 2024 జనవరిలో మొదటి స్థిరమైన రిలీజ్ ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో హాషికార్ప్‌ను కూడా ఐబీఎమ్మే కొనేసింది.

లినక్స్ కెర్నల్ పద్ధతి వేరు. అక్కడ సీఎల్ఏ లేదు. ప్రతి కమిట్ చివర 'సైన్డ్-ఆఫ్-బై' అని మీ పేరు, ఈమెయిల్‌తో ఒక లైన్ ఉంటుంది. ఈ కోడ్ ఇవ్వడానికి నాకు హక్కుంది అని మీరిచ్చే హామీ అది, అంతే. కోర్టు గొడవలు ముదిరాక 2004లో తెచ్చిన పద్ధతి. హక్కులు వేల మంది దగ్గర చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి ఏ ఒక్క కంపెనీ లైసెన్స్ మార్చలేదు.

అలాగని సీఎల్ఏ కనిపించగానే పారిపోవద్దు. అపాచీ ఫౌండేషన్ కూడా సంతకం అడుగుతుంది. కానీ అది లాభాపేక్ష లేని సంస్థ. కాగితం ఎవరికి రాసిస్తున్నారనేదే చూడాల్సింది. అలాగే అవతలి చేతిలో అధికారం ఉంటే ప్రతిసారీ చెడే జరగదు. మన తెలుగు ఫాంట్ లోహిత్‌నే తీసుకోండి. రెడ్ హ్యాట్ 2004లో జీపీఎల్ కింద విడుదల చేసిన భారతీయ భాషల లోహిత్ ఫాంట్లలో అదొకటి. 2011లో వాటన్నిటినీ ఫాంట్లకే తగినట్టు రాసిన ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌కు మార్చారు. హక్కులు ఒక్క చోట ఉండటంతో ఆ మార్పు తేలికగా జరిగింది, అందరికీ మేలే జరిగింది. టెర్రాఫామ్‌ను మార్చిందీ అదే రకం అధికారం. ఉద్దేశం మాత్రం వేరు.

పేరు సంగతి కూడా చూసుకోండి. 2010లో సన్ మైక్రోసిస్టమ్స్‌ను ఒరాకిల్ కొన్నాక ఓపెన్ ఆఫీస్ డెవలపర్లు ఆ సెప్టెంబర్‌లోనే లిబ్రే ఆఫీస్ పేరుతో బయటికొచ్చారు. హడ్సన్ అనే టూల్ 2011లో జెంకిన్స్ అయ్యింది. రెండు చోట్లా పని చేసిన మనుషులు కోడ్ పట్టుకుని నడిచారు, పేరు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ట్రేడ్‌మార్క్ ఎవరిదో ప్రాజెక్టు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండు నిమిషాల పని.

ఇక నాకు బాగా నచ్చిన ఉదాహరణ పోస్ట్‌గ్రెస్. దాని కోర్ టీమ్‌లో ఏ ఒక్క కంపెనీ వాళ్లూ సగానికి మించి ఉండకూడదని ఆనవాయితీ. 2020లో ఎంటర్‌ప్రైజ్‌డీబీ అనే కంపెనీ సెకండ్ క్వాడ్రంట్‌ను కొనడంతో ఐదుగురిలో ముగ్గురు ఒకే కంపెనీ మనుషులైపోయారు. ఎవరూ తప్పు చేయలేదు, వ్యాపారం అలా తిరిగింది. అయినా వాళ్లు ఊరుకోలేదు. వేరే కంపెనీల నుంచి ఇద్దరిని చేర్చుకుని టీమ్‌ను ఏడుగురిని చేశారు. ఇంతకుముందు చెప్పిన ఫ్రూండ్ ఆ ఇద్దరిలో ఒకరు. డేటాబేస్ ఎంచుకునే అవకాశం మీ చేతికి వస్తే ఫీచర్ల పట్టికతో పాటు ఇలాంటి అలవాటు ఉందా లేదా అని కూడా చూడండి. నా లెక్కలో దానికే ఎక్కువ మార్కులు.

తెలుగులో జరిగిన ముచ్చట

2009లో గూగుల్ భారతీయ భాషల వికీపీడియాలకు వ్యాసాలు పెంచే పని పెట్టుకుంది. తన ట్రాన్స్‌లేటర్ టూల్‌కిట్ ఇచ్చి, డబ్బులిచ్చి అనువాదకులను పెట్టి, ఇంగ్లిషు వ్యాసాలను తెలుగులోకీ దింపింది. వ్యాసాలు పొడవుగా వచ్చాయి, భాష కృతకంగా వచ్చింది. ఎర్ర లింకులు, విరిగిన మూసలు, మన పాఠకుడికి అక్కర్లేని విషయాలు వచ్చిపడ్డాయి. చర్చా పేజీలో తప్పు చూపిస్తే పలికేవాళ్లు తక్కువ, ఎందుకంటే వాళ్ల పని అప్పజెప్పడంతో అయిపోయింది. తమిళం, బెంగాలీ వికీ సభ్యులూ అభ్యంతరం చెప్పారు. 2011లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ వ్యాసాలను శుద్ధి చేయాలా, తీసేయాలా అనే తలనొప్పి ఆ తర్వాత ఏళ్లకేళ్లు జీతం లేని తెలుగు వికీపీడియన్ల నెత్తిన పడింది.

ఇది సాఫ్ట్‌వేర్ కాదు కదా అనుకోవద్దు. మీ కంపెనీ ఒక కమ్యూనిటీ ప్రాజెక్టులోకి మిమ్మల్ని పంపినప్పుడు జరిగేదీ ఇదే. టార్గెట్ కంపెనీది, నిర్వహణ కమ్యూనిటీది. క్వార్టర్ ముగియగానే మీరు వేరే ప్రాజెక్టుకు వెళ్తారు. మీరు కలిపిన మూడు వేల లైన్లు అక్కడే ఉంటాయి. ఆ కమ్యూనిటీ మిమ్మల్ని రెండోసారి నమ్మాలంటే, కోడ్ ఇచ్చేటప్పుడే దాని బగ్గులు ఏడాది పాటు ఎవరు చూస్తారో మీ మేనేజర్‌తో లెక్క తేల్చుకోండి. వారానికి రెండు గంటలైనా ఆ పనికి రాసిపెట్టమని అడగండి. ఒప్పుకోకపోతే చిన్న ముక్కే ఇవ్వండి.

దీనికి పూర్తి భిన్నంగా నడిచినవీ మనకున్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను జీపీఎల్ కింద వదిలారు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద గూగుల్ ఫాంట్స్‌లోకి కూడా ఎక్కాయి. రేపు స్పాన్సర్ చేతులెత్తేసినా ఆ ఫాంట్లతో ఫ్లెక్సీ కొట్టేవాళ్ల పని ఆగదు. ఫాంట్‌కూ సర్వర్ సాఫ్ట్‌వేర్‌కూ ఇదే తేడా. ఫాంట్ ఒకసారి పూర్తయితే చాలాకాలం నిలుస్తుంది. సర్వర్‌కు ప్రతి నెలా సెక్యూరిటీ ప్యాచ్ కావాలి, దానికి ప్రతి నెలా జీతం తీసుకునే మనిషి కావాలి. ఆ జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలియని ప్రాజెక్టు మీద పేమెంట్ సిస్టమ్ కట్టకండి.

జిన్నింగ్ మిల్లు బిల్లు

ఒక ఉదాహరణ వేసుకుందాం. మీరు నర్సంపేటలో ఉంటూ జిన్నింగ్ మిల్లులకూ విత్తనాల షాపులకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముతున్నారు. జావాలో రాశారు. బిల్లును పీడీఎఫ్‌గా ఇవ్వడానికి నెట్‌లో దొరికిన ఐటెక్స్ట్ లైబ్రరీ పెట్టారు. అది బాగా పనిచేస్తుంది. కానీ 5వ వెర్షన్ నుంచి అది ఏజీపీఎల్. దాన్ని కలిపి అమ్మితే మీ మొత్తం సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, లేదా ఆ కంపెనీ దగ్గర కమర్షియల్ లైసెన్స్ కొనాలి. ఒకే కోడ్‌ను ఇలా రెండు రకాలుగా ఇవ్వడం వాళ్ల వ్యాపారం. అందులో మోసం లేదు, అంతా రాసే ఉంది. మనమే చదవం. పాత వెర్షన్ నుంచి పుట్టిన ఓపెన్‌పీడీఎఫ్ అనే ఫోర్క్ ఉంది. దాని షరతులు మీ పనికి సరిపోతాయేమో చూసుకోండి. షాపు రెండు, మూడు ఉన్నంత వరకు ఎవరూ అడగకపోవచ్చు. పెద్ద విత్తన కంపెనీ మీ సాఫ్ట్‌వేర్ కొంటానని వచ్చి, లైసెన్స్ ఆడిట్ పెట్టిన రోజు బేరం అక్కడే ఆగుతుంది.

ఉద్యోగుల వైపు కూడా ఇలాంటివే ఉన్నాయి. డాకర్ డెస్క్‌టాప్ 2021 ఆగస్టు నుంచి 250 మందికి మించిన ఉద్యోగులున్న లేదా ఏటా కోటి డాలర్లకు మించి ఆదాయమున్న కంపెనీలకు ఉచితం కాదు. చిన్న కన్సల్టెన్సీలో ఉచితంగా వాడిన అలవాటుతో పెద్ద కంపెనీలో చేరిన మొదటి రోజే ఇన్‌స్టాల్ చేస్తారు. ఒరాకిల్ జేడీకే సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2023 జనవరిలో తెచ్చిన సబ్‌స్క్రిప్షన్‌లో లెక్క కట్టేది జావా వాడేవాళ్లను బట్టి కాదు, కంపెనీలో ఉన్న మొత్తం ఉద్యోగులను బట్టి. మీ ఒక్కరి డౌన్‌లోడ్ మీ లీగల్ టీమ్‌కు ఉత్తరం తెప్పించగలదు. ఎక్లిప్స్ టెమురిన్ లాంటి ఓపెన్ జేడీకే బిల్డ్ తీసుకుంటే ఈ గొడవ లేదు.

లైసెన్స్ మారిందన్న వార్త రాగానే కంగారు పడి ఆ రాత్రే అన్నీ మార్చేయకండి. పాత వెర్షన్ పాత లైసెన్స్ కిందే ఉంటుంది. వెర్షన్‌ను అక్కడే లాక్ చేయండి. కొత్త షరతు మీకు వర్తిస్తుందా అని చూడండి. టెర్రాఫామ్ విషయంలో తన సర్వర్లు పెట్టుకోవడానికి వాడేవాడికి ఏమీ కాలేదు. దానితో హాషికార్ప్‌కే పోటీ వ్యాపారం చేసేవాడికే దెబ్బ. తర్వాత ఫోర్క్ వస్తే, దాని వెనక ఎంతమంది, ఎన్ని కంపెనీల నుంచి ఉన్నారో కొన్ని నెలలు గమనించండి. రెడిస్ 2024 మార్చిలో లైసెన్స్ బిగించింది, వెంటనే వాల్కీ అనే ఫోర్క్ పుట్టింది, 2025 మేలో రెడిస్ ఏజీపీఎల్ కింద మళ్లీ ఓపెన్ సోర్స్ అయింది. ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో వెళ్లి 2024లో ఓపెన్ సోర్స్‌కు తిరిగొచ్చింది. తొందరపడ్డవాళ్లు రెండుసార్లు మారారు. పాత వెర్షన్‌కు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎప్పటి వరకో మాత్రం క్యాలెండర్‌లో రాసుకోండి. మీకున్న అసలు గడువు అదే.

రెజ్యూమెలోనూ టూల్ పేరు ఒక్కటే రాయకండి. 'ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ కోడ్' అని పని పేరు రాసి, పక్కన టెర్రాఫామ్, ఓపెన్‌టోఫూ రెండూ రాయండి. ముప్పై ఐదు దాటాక కొత్తది ఎక్కదు అనేవాళ్లకు ఒక మాట. మన నర్సంపేట పక్క లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు అరవై దాటాకే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు.

మీ రాత్రిళ్లు ఎవరివి

ఆఫర్ లెటర్‌లో మేధో సంపత్తి గురించి ఒక పేరా ఉంటుంది. చదవండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. ఆఫర్ లెటర్ చాలాసార్లు ఇంకో అడుగు ముందుకేసి, ఉద్యోగ కాలంలో మీరు రాసిన ప్రతిదీ కంపెనీదే అంటుంది. అలాంటి సంతకం పెట్టి రాత్రి పూట ఓపెన్ సోర్స్‌కు కోడ్ ఇస్తే, మీది కానిదాన్ని దానం చేసినట్టే. కెర్నల్‌కు 'సైన్డ్-ఆఫ్-బై' రాసి ఉంటే తప్పుడు హామీ ఇచ్చినట్టు కూడా అవుతుంది.

సొంత ల్యాప్‌టాప్, సొంత ఈమెయిల్, సొంత టైమ్. ఈ మూడూ ఉండాలి. అయినా సరే మేనేజర్‌కు కాదు, హెచ్ఆర్‌కు ఒక ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. 'ఫలానా ప్రాజెక్టు, జీతం లేదు, మన క్లయింట్ల పనికి సంబంధం లేదు' అని మూడు ముక్కలు చాలు. 2022 సెప్టెంబర్‌లో విప్రో పోటీ కంపెనీలకు పనిచేశారని 300 మందిని తీసేసినప్పటి నుంచి కంపెనీలు ఈ విషయంలో కఠినంగా ఉంటున్నాయి. నోటి మాటగా 'చేసుకో తమ్ముడూ' అన్న మేనేజర్ ఆరు నెలల్లో మారిపోతాడు, ఈమెయిల్ మాత్రం ఉంటుంది.

ఉద్యోగం కోసం ఓపెన్ సోర్స్‌లో పేరు తెచ్చుకోవాలనుకునే ఫ్రెషర్లకు: 2020 అక్టోబర్‌లో డిజిటల్ ఓషన్ కంపెనీ నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు ఇస్తామంటే, రీడ్‌మీలో ఒక పదం మార్చి పంపిన చెత్తతో మెయింటెయినర్ల ఇన్‌బాక్సులు నిండిపోయాయి. మూడు రోజులకే రూల్స్ మార్చాల్సి వచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుకు ఒక భారతీయ యూట్యూబ్ పాఠం చూసిన విద్యార్థులు తమ పేర్లు రాసి పంపుతూ పోయారు. ఆ పుల్ రిక్వెస్టులు ఇప్పటికీ అందరికీ కనిపిస్తాయి, ఇంటర్వ్యూ చేసేవాడికి కూడా. దానికన్నా మీరు రోజూ వాడే టూల్‌లో ఒక బగ్ పట్టుకుని, అది మళ్లీ మళ్లీ వచ్చేలా చిన్న కోడ్ రాసి రిపోర్టు చేయండి. తెలుగులో మొదలుపెట్టాలంటే 2005 నుంచి తెలుగు లినక్స్ మీద పనిచేసిన స్వేచ్ఛ సంస్థ ఉంది. చాలా కాలేజీల్లో వాళ్ల లినక్స్ గ్రూపులు నడిచాయి.

ఎంచుకునేటప్పుడు మీ ఆశ ఏమిటో తేల్చుకోండి. ఒక కంపెనీలోనే ఉద్యోగం కావాలంటే ఆ కంపెనీ నడిపే ప్రాజెక్టులో పనిచేయడం దగ్గరి దారి. ఎక్కడికెళ్లినా చెల్లే పేరు కావాలంటే ఫౌండేషన్ కింద, నాలుగైదు కంపెనీల మనుషులున్న ప్రాజెక్టు మేలు. కంపెనీ ప్రాజెక్టులో ఇంకో గోతి ఉంది. డబ్బుకు అమ్మే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఉన్న ఫీచర్‌ను మీరు ఉచిత ఎడిషన్‌కు రాసిస్తే, కోడ్ ఎంత బాగున్నా కలపకపోవచ్చు. నెల పని పెట్టేముందు ఇష్యూ తెరిచి 'ఇది తీసుకుంటారా' అని అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు.

ఇక ఇప్పటికే కంపెనీ తరఫున అలాంటి ప్రాజెక్టులో ఉన్నవాళ్లకు. 'క్వార్టర్ ఎండ్‌కు మెర్జ్ కావాలి, వాళ్ల మీద ఒత్తిడి పెట్టు' అని పైనుంచి వస్తుంది. రావడం సహజమే. కానీ ఎక్స్‌జెడ్‌లో దొంగ దూరింది ఆ దారినే. అలసిపోయిన ఒక్క మెయింటెయినర్ మీద ఎవరెవరో ముసుగు పేర్లతో 'ఇంకా ఎంత ఆలస్యం' అని నస పెట్టి, సాయం పేరుతో వచ్చినవాడికి తాళాలు ఇప్పించారు. ఇప్పుడు ఏ మెయింటెయినర్‌నైనా తొందరపెట్టేవాడు ముందు అనుమానితుడు. మీ మేనేజర్‌కు ఇది చెప్పి, తేదీని మీ సొంత ప్యాచ్‌తో నెట్టుకురండి. కమ్యూనిటీలో మెర్జ్ దాని టైమ్‌కు అవుతుంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ప్రాజెక్టు డిపెండెన్సీ ఫైల్ తెరిచి, అది ఆగితే మీ పని ఆగే పది పేర్లు ఏరండి. ఒక్కోదాని పక్కన లైసెన్స్, పేరు మీద హక్కు ఎవరిది, సీఎల్ఏ ఎవరికి, గత ఏడాది కమిట్లు ఎన్ని కంపెనీల నుంచి వచ్చాయి, ప్యాచ్‌లు ఎప్పటిదాకా అని రాయండి. పూట పడుతుంది. సోమవారం దాన్ని టీమ్ లీడ్‌కు పంపండి, అడగకముందే.